పడవ తీసుకెళ్ళడానికి కారా, ట్రక్కా? బరంపురం వైపు వాళ్ళ కోసం

పడవ కొన్నాక అందరూ అడిగే మొదటి మాట ఒకటే, "మా బండి లాగుతాదా" అని. లాగుతాది. చక్రాల మీదున్న పడవని చదును రోడ్డు మీద చిన్న కారైనా కదిపేస్తాది, మనం మోసపోయేది కూడా అక్కడే. మీరు చూసుకోవాల్సినవి రెండు. ముందు బండి సడన్‌గా ఆగితే మీ కారు ఆ బరువుతో కలిసి ఆగుతాదా, సాయంత్రం ఘాట్ (పడవలు దించే రేవు) దగ్గర తడి వాలు మీంచి పడవని మళ్ళీ పైకి తేగలదా. ఈ రెండింటికీ అవునని చెప్పగలిగితేనే కారు, లేదంటే ట్రక్కు.

ఇది నాకు ఎలాగ తెలిసిందంటే, మా మావయ్య 16 అడుగుల ఫైబర్ పడవని గోపాలపురం నించి చిలికా ఒడ్డునున్న రంభకి తీసుకెళ్ళాం. మా బావ దగ్గర చిన్న పెట్రోల్ కారు ఉంది, వెల్డింగ్ షాపులో హుక్ పెట్టించి ట్రైలర్ కట్టేశాం. బరంపురం దాటి ఛత్రపురం దాకా ఏ ఇబ్బందీ లేదు, గంజాం దగ్గర రుషికుల్య బ్రిడ్జి ముందు ఒక లారీ బ్రేక్ వేసింది, బావా వేశాడు, కానీ వెనకాల పడవ ఆగలేదు, మమ్మల్ని తోసుకుంటా ముందుకి తెచ్చేసింది, లారీ డాలాకీ (సరుకు వేసే వెనక తొట్టి) మాకూ మధ్య చెయ్యి పట్టేంత జాగా మిగిలింది. రంభలో పడవ నీళ్ళలోకి హాయిగా దిగింది. ఎక్కించేటప్పుడే తెలిసింది కష్టం, ఘాట్ మెట్టు మీద పాచి, ముందు టైర్లు అక్కడే గిరగిరా తిరిగేస్తున్నాయి, క్లచ్ కాలిన వాసన. చివరికి ఊరి కుర్రాళ్ళు నలుగురు వెనక నించి తోస్తే, ముందర ఒక బొలెరో తాడు కట్టి లాగితే బయటపడ్డాం. మర్నాడు క్లచ్ ప్లేట్ మార్పించాల్సి వచ్చింది.

ఎందుకలాగ అయ్యిందంటే, చిన్న కార్లలో దాదాపు అన్నీ ముందు చక్రాలతో నడిచేవే. హుక్ మీద పడే బరువు కారు వెనక భాగాన్ని కిందకి నొక్కుతాది, దాంతో ముందు భాగం తేలికవుతాది, పైగా వాలు ఎక్కేటప్పుడు ఉన్న బరువంతా వెనక్కే జారుతాది. అంటే ఏ చక్రాలు లాగాలో వాటి మీదే బరువు ఉండదు. బొలెరో, స్కార్పియో, పికప్ లాంటివి వెనక చక్రాలతో నడుస్తాయి కాబట్టి ఆ బరువు వాటికి పట్టుగా మారుతాది. ఇప్పుడొచ్చే చిన్న ఎస్‌యూవీలు చూడ్డానికి ఎత్తుగా ఉంటాయి గానీ వాటిలో చాలావరకు ముందు చక్రాల బళ్ళే, కింద విడిగా చాసిస్ ఫ్రేమ్ కూడా ఉండదు, ఎత్తు చూసి నమ్మొద్దు.

ముందు తూకం వేయించండి. ఎవరో చెప్పిన బరువు నమ్మకండి, రోడ్డు పక్కన లారీలు తూచే కాంటా మీద పడవతో సహా ట్రైలర్ని ఎక్కించి చీటీ తీసుకోండి. మాది ఎంతొచ్చిందో రాస్తున్నా, ఉత్త పడవ 320 కేజీలు, ట్రైలర్ 210, ఇంజిన్ 50, పెట్రోల్ 40 లీటర్లంటే సుమారు 30, ఐస్ బాక్స్ నిండా ఉంటే 60, వల, లంగరు, బ్యాటరీ కలిపి 70. మొత్తం 740. మావయ్య మాత్రం "మూడు క్వింటాళ్ళ పడవేరా" అనే అనుకున్నాడు, ఆయన చెప్పింది ఉత్త పడవ లెక్క. ఇంకోటి, పడవ అడుగున నీళ్ళుంటే తోడేసి, డ్రెయిన్ బిరడా తీసేసి బయల్దేరండి, 100 లీటర్లు మిగిలిపోయినా ఒక క్వింటా మీద పడినట్టే (నీళ్ళలోకి దించే ముందు ఆ బిరడా మళ్ళీ పెట్టడం మర్చిపోకండి).

తర్వాత బండి మాన్యువల్ తియ్యండి. ట్రైలర్ ఎంత బరువు లాగొచ్చో రాసుంటాది, ట్రైలర్‌కి సొంత బ్రేకులుంటే ఒక అంకె, లేకపోతే దానికన్నా తక్కువ అంకె. అసలు ఆ అంకే లేకపోయినా, లాగొద్దని రాసున్నా, అక్కడితో కారు మాట వదిలెయ్యండి, హుక్ పెట్టించడానికి షాపు వాడు ఒప్పుకున్నాడని ముందుకెళ్ళొద్దు. ఉన్న అంకెలో కూడా ఐదో వంతు మిగుల్చుకోండి. ఇంజిన్ సంగతికొస్తే పవర్ కన్నా టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) చూడాలి, అది ఎంత తక్కువ స్పీడ్‌లో వస్తాదో చూడాలి. చిన్న పెట్రోల్ కారు టార్క్ 110 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటాది, అదీ ఇంజిన్ నిమిషానికి 4 వేల చుట్లు దాటాక. బొలెరో డీజిల్‌ది 210, అది 1,600 చుట్ల దగ్గరే అందుతాది. ఘాట్ మీద పాకుతా ఎక్కేటప్పుడు ఈ తేడానే క్లచ్‌ని కాపాడుతాది.

హుక్ మీద ఎంత బరువు పడాలి అనేది చాలామంది పట్టించుకోరు, కానీ ట్రైలర్ పాములాగ అటూ ఇటూ ఊగడానికి అసలు కారణం అదే. మొత్తం బరువులో పదో వంతు చుట్టుపక్కల హుక్ మీద ఉండాలి, మాది 740 కాబట్టి 75 కేజీల దగ్గర. దీనికి పెద్ద సామానేం అక్కర్లేదు, ధాన్యం బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాంటా ఉంటాది చూడండి, ట్రైలర్ చదునుగా నిలబెట్టి దాని ముక్కుని ఒక చెక్క దిమ్మ మీద, దిమ్మని కాంటా మీద పెడితే చాలు. మొదటిసారి మాకు 35 చూపించింది. ఐస్ బాక్స్‌నీ బ్యాటరీనీ వెనక నించి ముందుకి జరిపి, పడవని కూడా ట్రైలర్ మీద ఒక జానెడు ముందుకి లాగితే 72కి వచ్చింది, తర్వాత హైవే మీద ఊగడం ఆగిపోయింది.

ఇక ట్రక్కు. దీన్ని రెండు రకాలుగా వాడొచ్చు, పడవని డాలాలోకి ఎక్కించెయ్యడం, లేదా పికప్‌కే ట్రైలర్ కట్టడం. ఎక్కించాలనుకుంటే పొడవు కొలుచుకోండి. టాటా ఏస్ డాలా 7 అడుగులు, బొలెరో పికప్ 9 అడుగుల పైచిలుకు, 16 అడుగుల పడవ దాంట్లో వేస్తే సగం దగ్గర దగ్గర బయటే వేలాడుతాది. ఎర్రగుడ్డ కట్టేస్తే సరిపోతాదని అనుకుంటారు, సరిపోదు, సరుకు బాడీ దాటి అలాగ బయటికొస్తే 20,000 రూపాయల ఫైన్, పైగా అక్కడే దించమంటారు. 16 అడుగులకి 17 అడుగుల డాలా ఉన్న ఐషర్ లాంటిది మాట్లాడుకోవాలి. సముద్రం మీదకెళ్ళే పెద్ద ఫైబర్ తెప్పలైతే అసలు కారు ఊసే వద్దు, పెద్ద లారీయే. ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ 61 రోజుల్లోనే అందరూ రిపేర్లు పెట్టుకుంటారు, లారీ కావాలంటే ముందే చెప్పి పెట్టుకోండి.

ఎక్కించేటప్పుడు డాలాలో గడ్డి బస్తాలు, పాత టైర్లు పరవండి, ఇనుము మీద ఫైబర్ నేరుగా ఆనితే దారిలోనే అడుగున గీతలు పడతాయి, పగుళ్ళు కూడా రావచ్చు. ఇంజిన్ విప్పేసి విడిగా పడుకోబెట్టండి. బెల్టు బిగించే చోట పడవ అంచు మీద గోనెపట్టా మడిచి పెట్టండి. అవతలి వైపు దించడానికి ఆరుగురు మనుషులు దొరుకుతారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఇది మర్చిపోయి లారీ వెయిటింగ్ డబ్బులు కట్టినవాళ్ళు చాలామంది.

పికప్‌కి ట్రైలర్ కట్టడమే నా ఓటు, అయితే ఒక్క జాగ్రత్త. ఖాళీ పికప్ వెనక భాగం తేలిగ్గా ఉంటాది, తడి మెట్టు మీద అది కూడా జారుతాది, డాలాలో వెనక చక్రాల మీదకి వచ్చేలాగ నాలుగు ఇసుక బస్తాలు వేసుకోండి. ట్రైలర్‌కి కూడా విడిగా రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉండాలి, బండి ఇన్సూరెన్స్ వాళ్ళకి హుక్ సంగతి చెప్పి రాయించుకోండి, ఇచ్ఛాపురం దగ్గర స్టేట్ బోర్డర్ దాటేవాళ్ళు కాగితాలన్నీ చేతిలో పెట్టుకోవాలి.

తప్తపాని ఘాటీ (కొండదారి) గానీ, సాలూరు నించి కోరాపుట్ వెళ్ళే సుంకి ఘాటీ గానీ దిగాలంటే చిన్న కారు మాట మర్చిపోండి. దిగేటప్పుడు మొదట్నించీ సెకండ్ గేర్‌లోనే ఉండాలి, బ్రేక్ మీద కాలు పెట్టుకుని దిగితే కింద మలుపు దగ్గరికొచ్చేసరికి బ్రేకులు వేడెక్కి పట్టడం మానేస్తాయి.

ఇప్పుడు లెక్క ఎలాగ తేలుతాదంటే, ఏడాదికి రెండు మూడుసార్లే పడవ కదిలేదైతే ట్రైలర్ కొనకండి, లారీ అద్దె నయం. వారం వారం చిలికాకి వెళ్ళేవాళ్ళకైతే సొంత ట్రైలర్, వెనక చక్రాల డీజిల్ బండి. చిన్న కారుతోనే వెళ్తామనేవాళ్ళు పడవని చిలికా ఒడ్డునే నమ్మకమైన మనిషి దగ్గర ఉంచి, ఇంజిన్ మాత్రం డిక్కీలో పెట్టుకుని వెళ్ళండి, మా బావ ఇప్పుడు చేస్తున్నది అదే. గోపాలపురం బీచ్ ఇసకలోకి ఏ కారూ దింపొద్దు, అక్కడ ట్రాక్టరే.

మొదటి రోజు బయల్దేరాక ఐదు కిలోమీటర్లకి ఆపండి. ట్రైలర్ చక్రం మధ్యలో హబ్ మీద చేతి వెనక వైపు ఆనించి చూడండి, గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత కాలితే బేరింగ్ బిగుసుకుందని అర్థం, వెనక్కి తిరిగి బాగు చేయించండి. ఘాట్ చేరాక కూడా వెంటనే నీళ్ళలో దింపొద్దు, వేడి హబ్ చన్నీళ్ళలో మునిగితే లోపలికి ఉప్పునీళ్ళు పీల్చుకుంటాది. లైట్ల వైరు పీకేసి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, ఒక పావుగంట టీ తాగి రండి.