తలకు గట్టి దెబ్బ తగిలి స్పృహ లేని మనిషి కోలుకుంటారా లేదా? ఇంటివాళ్లు ఎలా అంచనా వేసుకోవాలి

బైక్ యాక్సిడెంట్‌లోనో, మేడ మీంచి పడిపోయో తలకు పెద్ద దెబ్బ తగిలితే ఐసీయూ బయట కూర్చున్న ఇంటివాళ్లందరూ అడిగేది ఒక్కటే, "లేస్తాడా డాక్టర్ గారూ?" అని. మొదటి వారంలో దీనికి కచ్చితమైన జవాబు ఎంత పెద్ద న్యూరోసర్జన్ దగ్గరా ఉండదు. అలాగని ఊరికే దేవుడి మీద భారం వేసి కూర్చోనక్కర్లేదు. డాక్టర్లు ఏమేం చూసి అంచనాకి వస్తారో తెలిస్తే అడగాల్సినవి సరిగ్గా అడగొచ్చు. పైగా మనిషిలో మార్పు చాలాసార్లు ముందు కనిపెట్టేది ఇంటివాళ్లే. ఇది డాక్టర్ మాటకు బదులుగా రాస్తున్నది కాదు, డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు చేతిలో ఉండాల్సిన సమాచారం.

1. ముందు ఏ స్థితిలో ఉన్నారో అడగండి

మన దగ్గర స్పృహ లేని ప్రతి ఒక్కరినీ "కోమాలో ఉన్నాడు" అనేస్తాం. నిజానికి కోమా అంటే కళ్లు అసలు తెరవకపోవడం, ఎంత గిల్లినా మేలుకోకపోవడం. బతికి బయటపడేవాళ్లలో ఇది సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకి మించి ఉండదు. ఆ తర్వాత కళ్లు తెరుస్తారు. కళ్లు తెరిచారు కాబట్టి స్పృహ వచ్చేసిందని బంధువులందరికీ ఫోన్లు చేసేస్తారు గానీ, కళ్లు తెరిచి, నిద్రపోతూ లేస్తూ ఉండి కూడా చుట్టూ జరుగుతున్నది ఏమీ తెలియని స్థితి ఒకటుంది. దాన్ని వెజిటేటివ్ స్టేట్ అంటారు. దాని పైమెట్టు మినిమల్లీ కాన్షియస్ స్టేట్, అంటే స్పృహ వస్తూ పోతూ ఉండటం: ఒక పూట చెప్పిన మాట వింటారు, ఇంకో పూట ఏమీ ఉండదు. డాక్టర్లు దీనికి విడిగా నిర్వచనం ఇచ్చింది 2002లో. ఈ రెండిటికీ తేడా పట్టుకోవడం చాలా ముఖ్యం, ఎందుకంటే రెండో స్థితిలో ఉన్నవాళ్లు కోలుకునే అవకాశం బాగా ఎక్కువ.

బ్రెయిన్ డెడ్ అనేది పూర్తిగా వేరే మాట. దాన్ని ప్రత్యేక పరీక్షలు చేసి నిర్ధారిస్తారు, అందులోంచి తిరిగి రావడం ఉండదు. ఎవరైనా ఆ మాట వాడితే కోమా గురించి అంటున్నారా, పరీక్షలు చేసి అంటున్నారా అని అక్కడే తేల్చుకోండి.

2. దెబ్బ తగిలిన రోజు వివరాలు రాసి పెట్టుకోండి

వయసు, తలకు దెబ్బ వల్లనా లేక గుండె ఆగి మెదడుకి ఆక్సిజన్ అందకనా (దెబ్బ తగిలినవాళ్లకే అవకాశాలు మెరుగు), కనుపాపలు వెలుతురుకి చిన్నవయ్యాయా, సీటీ స్కాన్‌లో ఏముంది, దారిలో బీపీ పడిపోయిందా. వీటితో పాటు స్పృహ ఎంత ఉందో కొలిచే గ్లాస్గో స్కోరు. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు డాక్టర్లు తయారుచేసిన ఈ లెక్కలో కళ్లకి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. ఏమీ లేకపోయినా 3 ఉంటుంది. 8, అంతకంటే తక్కువైతే తీవ్రమైన దెబ్బ. మొత్తం ఎంతో ఒక్కటే అడిగి ఊరుకోకండి, "కదలిక స్కోరు ఎంత సార్?" అని కూడా అడగండి. నోట్లో ట్యూబు ఉన్నవాళ్లు ఎలాగూ మాట్లాడలేరు, కాబట్టి ముందు ముందు ఏమవుతుందో చెప్పడంలో ఎక్కువ పనికొచ్చేది కదలికే.

ఈ వివరాలన్నీ వేస్తే శాతం చెప్పే కాలిక్యులేటర్లు ఉన్నాయి. క్రాష్ అనేది ఒకటి, పదివేల మందికి పైగా పేషెంట్ల వివరాలతో చేసింది, ధనిక దేశాలకి ఒక లెక్క, మనలాంటి దేశాలకి ఇంకో లెక్క ఉంటుంది. కానీ అది చెప్పేది అలాంటి వందమందిలో ఎంతమందికి ఏమైందో మాత్రమే. మీ మనిషి ఆ వందలో ఎటువైపు ఉంటారో అది చెప్పలేదు, ఆ అంకె చూసి నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

3. స్పృహని అడ్డుకుంటున్నవి ఇంకేమైనా ఉన్నాయా అని అడగండి

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి మిడజోలం, ఫెంటనిల్ లాంటి మత్తు మందులు నడుస్తుంటాయి. ఆపిన వెంటనే దిగిపోవు, కిడ్నీ, లివర్ సరిగా లేకపోతే రోజులు పడుతుంది. సోడియం తగ్గినా, జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నా మనిషి మందకొడిగా ఉంటారు. చేతులూ కాళ్లూ కొట్టుకోకుండా లోలోపల నడిచే ఫిట్స్ కూడా ఉంటాయి, అవి ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల్ని చూసే పరీక్ష) తీస్తే తప్ప తెలియవు. మెదడులో నీరు చేరడం ఇంకోటి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. మత్తు ఎప్పుడు ఆపారు, ఈఈజీ తీశారా, ఈ రెండూ అడక్కుండా "ఇక ఏం లేదు" అన్న మాట ఒప్పుకోకండి.

4. రోజూ ఒకే పద్ధతిలో చూడండి

అసలు పని ఇక్కడే ఉంది. నర్సుని అడిగి, మనిషి మెలకువగా ఉన్న సమయం చూసుకోండి. వీలైతే మంచం తల వైపు ఎత్తించండి, కళ్లద్దాలు, చెవి మిషన్ ఉంటే పెట్టండి, టీవీ ఆపించండి, చుట్టూ ఉన్న నలుగురినీ బయటికి పంపండి. ఒక్కరే మాట్లాడాలి, ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో ఆ యాసలోనే.

అందరూ చేసే పని, చేతిలో చెయ్యి పెట్టి "నాన్నా, నా చెయ్యి నొక్కు" అనడం. నొక్కుతారు, ఇంటిల్లిపాదీ ఏడ్చేస్తారు. కానీ అరచేతికి ఏదైనా తగిలితే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి, పసిపిల్లల్లో ఉన్నట్టే. అందుకని తాకకుండా అడగండి: "నాన్నా, బొటనవేలు పైకెత్తు", "నాలుక బయటపెట్టు", "పైకి చూడు". ఒకటి అడిగాక పది సెకన్లు ఆగండి. గబగబా నాలుగుసార్లు అంటే ఏ మాటకి కదిలారో తేలదు. అదే మాట నాలుగుసార్లు, మధ్యలో గ్యాప్ ఇస్తూ అడిగితే మూడుసార్లైనా చేశారంటే లెక్కలోకి వస్తుంది. ఏమీ అడగనప్పుడు కూడా ఒక నిమిషం ఊరికే గమనించండి, ఆ వేలు మామూలుగానే కదులుతూ ఉంటే అది జవాబు కాదు.

తర్వాత అద్దం. చేతిలో పట్టే చిన్న అద్దాన్ని ముఖానికి నాలుగు నుంచి ఆరు అంగుళాల దూరంలో, వాళ్ల ముఖం వాళ్లకి కనిపించేలా పట్టి, నెమ్మదిగా ఎడమకి, కుడికి, పైకి, కిందికి జరపండి. టార్చిలైటో, మన వేలో కదిపితే చూడనివాళ్లు కూడా సొంత ముఖం వెంట చూపు తిప్పడం పరిశోధనల్లో తేలిన సంగతి. స్పృహ తిరిగొస్తోందనడానికి చాలామందిలో ముందు కనిపించే గుర్తుల్లో ఈ చూపు ఒకటి.

ఆవలింత, పళ్లు నూరడం, మూలుగు, ఉన్నట్టుండి కన్నీళ్లు, నవ్వు, ఇవి స్పృహ లేకపోయినా వస్తాయి. అయితే ఆ నవ్వు మనవరాలి గొంతు విన్నప్పుడే వస్తోంది, పక్కింటాయన మాట్లాడితే రావట్లేదు అంటే అది రాసుకోవాల్సిన విషయం.

తేదీ, టైమ్, అంతకుముందు ఏ మందు ఇచ్చారు, ఏం అడిగారు, ఎన్నిసార్లు చేశారు, ఇవి ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఐసీయూలో ఒప్పుకుంటే ఫోన్లో వీడియో తీయండి. చేయని రోజు కూడా రాయాలి. మంచి రోజులు మాత్రమే రాస్తే డాక్టర్‌కి దానివల్ల ఉపయోగం లేదు.

5. సీఆర్ఎస్-ఆర్ పరీక్ష చేయమని అడగండి

సీఆర్ఎస్-ఆర్ అంటే స్పృహ ఎంతవరకు తిరిగొచ్చిందో మంచం పక్కనే ఒక పద్ధతి ప్రకారం చూసే పరీక్ష. వినడం, చూడడం, కదలిక, నోరు, సమాధానం చెప్పడం, మెలకువ అని ఆరు భాగాలు, మొత్తం 23 మార్కులు. ఇప్పటి రూపం 2004లో వచ్చింది. మంచం పక్కన మామూలుగా చూసి వెజిటేటివ్ అని రాసినవాళ్లలో దాదాపు 40 శాతం మందికి ఈ పరీక్ష చేస్తే స్పృహ గుర్తులు దొరికాయని 2009లో వచ్చిన అధ్యయనం చూపించింది. ఒకసారి చేస్తే చాలదు, రెండు వారాల్లో ఐదుసార్లైనా చేయాలి. న్యూరాలజిస్టు లేదా న్యూరో రిహాబ్ వాళ్లు చేస్తారు. అవును, కాదు అనే ప్రశ్నలకి తప్పులేకుండా జవాబిచ్చినా, దువ్వెన ఇస్తే తలకి, గ్లాసు ఇస్తే నోటికి తీసుకెళ్లినా మినిమల్లీ కాన్షియస్ దశ దాటేసినట్టే.

6. తొందరపడి ఆశ వదలొద్దు, టైమ్ లెక్క తెలుసుకోండి

అమెరికా న్యూరాలజీ అకాడమీ 2018లో డాక్టర్లకే చెప్పింది, మొదటి 28 రోజుల్లో "ఇక లాభం లేదు" అనే ధోరణిలో మాట్లాడొద్దని. 2021లో అమెరికాలోనే వచ్చిన ఒక అధ్యయనంలో, దెబ్బ తగిలిన రెండు వారాలకి వెజిటేటివ్ స్థితిలో ఉండి తర్వాత బతికినవాళ్లలో 78 శాతం మంది ఏడాది లోపు స్పృహలోకి వచ్చారు. తామెవరో, ఎక్కడున్నారో, ఏ రోజో చెప్పగలిగే స్థితికి వచ్చింది మాత్రం పావు వంతు మందే. ఈ రెండు అంకెల్నీ కలిపే గుర్తుపెట్టుకోండి. ఆక్సిజన్ అందకపోవడం లాంటి కారణమైతే మూడు నెలలు, దెబ్బ అయితే పన్నెండు నెలలు దాటాక అవకాశాలు బాగా తగ్గుతాయి, అప్పుడు కూడా సున్నా కావు.

కెనడాలో 2011లో లెక్కతీస్తే, ఐసీయూలో తలదెబ్బతో చనిపోయినవాళ్లలో 70 శాతం మంది ప్రాణాధార చికిత్స ఆపేశాకే చనిపోయారు. వాళ్లలో చాలామంది మొదటి మూడు రోజుల్లోనే. మన దగ్గరైతే డబ్బులు అయిపోయి తీసుకెళ్లిపోతారు, ఆ బాధ వేరు. అలాంటి పరిస్థితి వచ్చేలోపే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఎంతవరకు వస్తుందో కనుక్కోండి, ప్రభుత్వ ఆసుపత్రికి మార్చే వీలుందా అని అడగండి.

7. ఇంకా ఏమున్నాయి

2024లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, పిలిస్తే ఏమాత్రం స్పందించని 241 మందిలో 60 మంది మెదళ్లు ఎమ్మారైలోనో ఈఈజీలోనో చెప్పిన పని ఊహించుకుంటూ దొరికాయి. మన ఆసుపత్రుల్లో ఇది రోజువారీ పరీక్ష కాదు. కానీ మంచం పక్కన నిలబడి "ఈయన పోయినట్టే" అని మాట్లాడకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. అమాంటడిన్ అనే పాత మందు, దెబ్బ తగిలిన నాలుగు నుంచి పదహారు వారాల మధ్య వాడితే కోలుకోవడం వేగంగా జరిగిందని 2012లో 184 మందిపై చేసిన ప్రయోగంలో తేలింది. ఫిట్స్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి జాగ్రత్త కావాలి కాబట్టి డాక్టర్ రాస్తేనే వాడాలి.

డాక్టర్‌ని "లేస్తాడా?" అని కాకుండా "ఏడాదికి అన్నీ కలిసొస్తే ఎలా ఉంటారు, కలిసిరాకపోతే ఎలా ఉంటారు, ఎక్కువగా ఏది జరగొచ్చు? తన చేత్తో తినగలరా, మమ్మల్ని గుర్తుపడతారా?" అని అడగండి. ఇదే ప్రశ్న రెండు వారాలకోసారి అడిగి జవాబుల్ని పక్కపక్కన పెట్టుకోండి.

ఇంటికి తెచ్చుకున్నాక కూడా నోట్‌బుక్ ఆపొద్దు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, కీళ్లు బిగుసుకోకుండా ఫిజియోథెరపీ, గొంతు దగ్గర పెట్టిన ట్యూబు శుభ్రం, ఇవి తప్పితే పుండ్లు, ఇన్‌ఫెక్షన్లు వచ్చి, రావాల్సిన స్పృహ కూడా వెనక్కి పోతుంది. నెల రోజులుగా బొటనవేలు ఎత్తుతున్న మనిషి ఉన్నట్టుండి ఎత్తడం మానేస్తే, నిద్ర ఎక్కువైతే, వాంతులు మొదలైతే మెదడులో నీరు చేరి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా నోట్‌బుక్ పట్టుకుని, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.