తీర్థం జీళ్ళు ఇంట్లో చేయడం ఎలా?

టీవీ సీరియల్ కథ వారం గడిచినా కదలకపోతే 'జీళ్ళపాకంలా సాగదీస్తున్నారు' అంటాం. మా ఇంట్లో పిల్లలు కూడా అంటారు. వాళ్ళలో ఒక్కరూ జీడి, అంటే బెల్లం పాకాన్ని సాగదీసి చేసే మిఠాయి, రుచి చూసినవారు కాదు.

మా బడి గేటు దగ్గర ఒకాయన గడకు మేకు కొట్టి, దానికి బెల్లం పాకం ముద్ద తగిలించి లాగుతూ ఉండేవాడు. ఆయన రావడం మానేశాక మా ఊళ్ళో జీళ్ళు చేసేవాళ్ళే లేకుండా పోయారు. కోనసీమ తీర్థాల్లో (జాతరల్లో) ఇప్పటికీ ఖర్జూరం పక్కన జీళ్ళు పోసి అమ్ముతారు గానీ, ఈమధ్య నేను కొన్నవన్నీ పంచదారవే. అందుకే ఇంట్లో మొదలుపెట్టాను. మూడుసార్లు చెడి, నాలుగోసారి కుదిరింది.

(జీడిపప్పు పాకం వేరు, ఇది వేరు. ఇందులో జీడిపప్పు ఉండదు.)

ముందు జ్ఞాపకాన్ని కాగితం మీద పెట్టండి

పొయ్యి వెలిగించే ముందు మీరు తిన్న జీడి ఎలా ఉండేదో రాసుకోండి. ఎవరి వీడియో అయినా చూశారంటే అందులోని రంగే మీ జ్ఞాపకంలోకి వచ్చి కూర్చుంటుంది. నేను రాసుకున్నవి మూడే: లేత బంగారు రంగు, కొరికితే టక్కున విరగడం, విరిగిన ముక్క నిమిషంలో మెత్తబడి దవడ పళ్ళను అంటిపెట్టుకోవడం.

కొలతలు చెప్పేవాళ్ళు లేనప్పుడు ఈ మూడే ఆధారం. టక్కున విరిగిందంటే పాకం బాగా ముదిరేదాకా కాచారన్నమాట. పళ్ళకు అతుక్కుందంటే అది బెల్లం. పంచదార పాకం తేలిగ్గా పలుకు కట్టి పొడి పొడి అవుతుంది. బెల్లంలో సహజంగా ఉండే గ్లూకోజు, ఫ్రక్టోజు ఆ పలుకు కట్టడాన్ని అడ్డుకుంటాయి, తేమను పట్టి ఉంచుతాయి. ఇక రంగు సంగతి సాగదీసే దగ్గర చెబుతాను.

కావలసినవి

పాకం బెల్లం అర కిలో, నీళ్ళు అర గ్లాసు, నెయ్యి ఒక చెంచా, నిమ్మరసం అర చెంచా, దోరగా వేయించిన నువ్వులు రెండు పెద్ద చెంచాలు, చిటికెడు ఉప్పు. యాలకులు మీ ఇష్టం, నేను వేయను. మా గేటు దగ్గరి జీడికి ఆ వాసన ఉండేది కాదు.

బెల్లం దగ్గర మాత్రం రాజీ పడకండి. అరిసెలకు ఏది అడిగి తెచ్చుకుంటారో అదే అడగండి. పసుపుపచ్చగా మెరిసే అచ్చుల రంగు కోసం తయారీలో హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం కలపడం ఉంది. కాస్త నల్లగా, చేతికి జిడ్డుగా తగిలే అచ్చు చూడటానికి బాగుండకపోయినా జీడికి వాసన ఇచ్చేది అదే. అనకాపల్లి మార్కెట్‌కు కొత్త బెల్లం వచ్చే సంక్రాంతి రోజులు దీనికి మంచి సమయం. అమెరికాలో ఉంటే లాటిన్ అమెరికా సరుకుల దుకాణాల్లో దొరికే పనేలా అచ్చులు తీసుకోవచ్చు, అదీ చెరుకు బెల్లమే. ఈక్వడార్‌లోని బాన్యోస్ ఊరిలో వీధి దుకాణాల వాళ్ళు ద్వారబంధానికి కొట్టిన కొయ్య మేకుకు మిఠాయి పాకం తగిలించి లాగుతారు. దాని పేరు మెల్కోచా. మన జీళ్ళ గడకు దూరపు చుట్టం అనుకోవచ్చు.

పాకం పట్టడం

బెల్లం తరిగి, నీళ్ళు పోసి, కరగగానే దించి వడకట్టండి. ఇసుక, చెరుకు పిప్పి ముక్కలు మిగిలితే సాగదీసేటప్పుడు తీగ అక్కడే తెగుతుంది. నా మొదటి ప్రయత్నం చెడింది ఇక్కడే.

వడకట్టినదాన్ని అడుగు మందంగా ఉన్న, లోతైన గిన్నెలో పోసి మధ్యస్థమైన మంట మీద పెట్టండి. నిమ్మరసం, ఉప్పు ఇప్పుడే వేయాలి. పొంగు అరచేతి మందాన లేస్తుంది, అందుకే లోతు గిన్నె. పెద్ద బుడగలు తగ్గి, చిన్న బుడగలు చిక్కగా రావడం మొదలయ్యాక నెయ్యి వేసి మంట తగ్గించండి. ఇక అక్కడి నుంచి కదలకూడదు. ఫోను మోగినా సరే.

పక్కన చన్నీళ్ళ గిన్నె పెట్టుకుని చుక్క వేసి చూస్తూ ఉండండి. మొదట మెత్తటి ఉండ వస్తుంది. అది అరిసెల పాకం, మనకు చాలదు. తర్వాత ఉండ గట్టిపడుతుంది. ఇంకాస్త ముదిరాక నీళ్ళలోంచి తీసిన ఉండను పళ్ళెం మీద వేస్తే చప్పుడు వస్తుంది, వంచితే కొంచెం వంగి విరుగుతుంది. దించవలసింది అప్పుడే. థర్మామీటర్ ఉంటే 130 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య. వంగకుండా గాజులా పగిలిందంటే ఎక్కువ ముదిరింది. దాన్ని సాగదీయలేరు, వేయించిన పల్లీలు కలిపి అచ్చు పోసుకోండి. నా రెండో ప్రయత్నం అలాగే పల్లీపట్టీగా ముగిసింది.

కొందరు చివర్లో వంటసోడా వేస్తారు. వేస్తే పాకం పొంగి లోపల గుల్లగా తయారవుతుంది, నోట్లో పొడిలా రాలుతుంది. అది మరో మిఠాయి.

సాగదీయడం

నెయ్యి రాసిన రాయి మీదో, వెడల్పాటి స్టీలు పళ్ళెంలోనో పాకం పోయండి. అంచులు ముందుగా చల్లారతాయి కాబట్టి నెయ్యి రాసిన అట్లకాడతో వాటిని మధ్యలోకి మడుస్తూ ఉండండి. ముద్ద చేతికి వేడిగా తగిలినా ఓర్చుకోగలిగే స్థితికి వచ్చాక ఎత్తండి. పైన చల్లారినట్టు కనిపిస్తూ లోపల కాలుస్తుంది, జాగ్రత్త. నూలు చేతితొడుగుల మీద రబ్బరు తొడుగులు వేసుకుని వాటికి నెయ్యి రాసుకోవడం ఉత్తమం. పిల్లల చేతికి మాత్రం చివర్లోనే ఇవ్వండి.

ఇప్పుడు మూరెడు పొడుగు లాగండి, రెండుగా మడవండి, మళ్ళీ లాగండి. ఇద్దరుంటే చెరో కొస పట్టుకుంటే సులువు. గోడ మేకు జోలికి పోకండి. నా మూడో ప్రయత్నం గోడ వెంబడి జారి నేల మీదికి చేరింది.

మొదటి పది మడతల్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. నిజానికి మడత మడతకీ పోగుల సంఖ్య రెట్టింపవుతుంది, పదో మడతకు 1,024 పోగులు. ప్రతి మడతలోనూ కాస్త గాలి చిక్కుకుంటుంది. ఆ సన్నటి గాలి గీతలు వెలుతురును చెదరగొట్టడం వల్లే నల్లటి పాకం తేనె రంగుకు, ఆపైన లేత బంగారు రంగుకు మారుతుంది. బెల్లం అంతే ఉంది, గాలి చేరింది. టక్కున విరగడానికి ముదురు పాకంతో పాటు ఆ గాలి కూడా కారణమే. లాగకుండా ఆరబెడితే అదే పాకం రాయిలా ఉంటుంది.

ఎనిమిది, పది నిమిషాలు లాగాలి. మధ్యలో గట్టిపడితే ముద్దను పళ్ళెంలో పెట్టి, ఆ పళ్ళేన్ని మరిగే నీళ్ళ గిన్నె మీద రెండు నిమిషాలు ఉంచితే మళ్ళీ లొంగుతుంది. రంగు తేలి, మెరుపు పట్టులా కనిపించి, లాగితే చేతికి ఎదురు తిరుగుతున్నప్పుడు ఆపండి. నువ్వులు పరిచిన పళ్ళెంలో దొర్లిస్తూ వేలు లావు కడ్డీగా చేసి, నెయ్యి రాసిన కత్తెరతో అంగుళం ముక్కలు కత్తిరించండి. ఆలస్యం చేస్తే కత్తెర దిగదు.

దాచడం

జీడికి శత్రువు తేమ. గంటసేపు ఆరనిచ్చి, ఒక్కో ముక్కనూ బటర్ పేపర్‌లో చుట్టి, మూత బిగుతుగా పట్టే గాజు సీసాలో పెట్టండి. వానాకాలంలో చేయవద్దని నా సలహా. కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘంలో అంతర్వేది తీర్థం, రెండూ గాలిలో తేమ తక్కువగా ఉండే రోజుల్లోనే వస్తాయి. అప్పుడు చేస్తే పది రోజులైనా గలగలలాడుతూ ఉంటాయి. కట్టుడు పళ్ళు ఉన్న పెద్దవాళ్ళకు ఇచ్చేటప్పుడు ముందే చెప్పి ఇవ్వండి.

పాకం గిన్నెను గీకవద్దు. వేడినీళ్ళు పోసి పది నిమిషాలు వదిలితే అంతా కరుగుతుంది. ఆ నీళ్ళలో శొంఠి, మిరియాల పొడి వేస్తే రెండు గ్లాసుల పానకం.