పెద్దవాళ్లను ఫీల్డ్ టెస్ట్‌కి తీసుకెళ్తున్నారా?

మా నాన్నకు నీటి కాసులు, అదే కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే గ్లకోమా, బయటపడి ఆరేళ్లయింది. పోర్టులో చేసి రిటైరయ్యారాయన. ఆరు నెలలకోసారి విశాఖలో జ్ఞానాపురం నుంచి హనుమంతవాక వైపు ఆసుపత్రికి ఆటోలో నేనే తీసుకెళ్తాను. ఈ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. పాత రిపోర్టు పక్కన కొత్తది పెట్టి చూస్తేనే జబ్బు ఆగిందో, ముదురుతోందో డాక్టరుకు తెలుస్తుంది. అందుకే చుట్టూ ఎంతమేర చూపు ఉందో కొలిచే ఈ ఫీల్డ్ టెస్టు సరిగ్గా ఇవ్వడం మందు వేసుకోవడమంత ముఖ్యం.

మా మొదటి ఫీల్డ్ టెస్ట్ వృథా అయింది. చీకటి గదిలో తెల్ల గిన్నెలాంటి మిషన్ ముందు నాన్నను గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. ఒక కన్ను మూశారు. నడిమధ్య పసుపు లైటునే చూస్తూ, చుట్టుపక్కల ఎక్కడ చుక్క మెరిసినా చేతిలోని బటన్ నొక్కాలి. నాన్నేమో చుక్కల కోసం కన్ను తిప్పి వెతికారు. రిపోర్టులో ఫిక్సేషన్ లాసెస్ 7/15 అని, పక్కన రెండు ఎక్స్ గుర్తులు పడ్డాయి. మిషన్ పదిహేనుసార్లు పరీక్షిస్తే ఏడుసార్లు చూపు మధ్యలో లేదన్నమాట. "అగుపడకపోతే ఎతుక్కోవద్దేటమ్మా?" అన్నారు. ఆయన తప్పేం లేదు, ముందు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మీరు ముందురోజే చెప్పండి. కనబడనంత మసకగా అయ్యేదాకా వెలుగు తగ్గించి చూడటమే ఆ మిషన్ పని. మంచి కళ్లున్నవాళ్లకు కూడా దాదాపు సగం చుక్కలు కనబడవు. కనబడకపోతే ఊరుకోవాలి, అనుమానంతో నొక్కకూడదు. రెప్ప వేయాలనిపిస్తే బటన్ నొక్కేటప్పుడే వేయాలి. అలసిపోతే చాలా మిషన్లలో బటన్ అలాగే నొక్కిపట్టుకుంటే టెస్ట్ ఆగుతుంది. మొదలయ్యే ముందే టెక్నీషియన్‌ని అడిగి తెలుసుకోండి. పైరెప్ప వాలి ఉంటే ఆ సంగతీ చెప్పండి, లేకపోతే పైభాగంలో చూపు పోయినట్టు తప్పుగా వస్తుంది. రెండో కంటికి ముందు ఐదు నిమిషాలు విశ్రాంతి అడగండి. ఆ రోజు కంట్లో వేసే చుక్కల మందు మానొద్దు. మొదటిసారి బాగా రాకపోతే టెన్షన్ పడకండి. అలవాటయ్యాక రెండోది, మూడోది నిలకడగా వస్తాయి.

కంటి ప్రెషర్, అంటే కంటి లోపలి ఒత్తిడి, నార్మల్ అంటే అక్కడితో ఊరుకోవద్దని నా గట్టి మాట. సాధారణంగా కంటి ప్రెషర్ 10 నుంచి 21 మిల్లీమీటర్ల (పాదరసం) మధ్య ఉండాలంటారు. నాన్నది 16 అని చూసి, ఒకచోట కళ్లజోడు మార్చి పంపేశారు. మూడేళ్ల తర్వాత వేరే డాక్టరు కంటి నరం చూసి అనుమానపడ్డారు. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, మందం కొలిస్తే 490 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). కంటి ప్రెషర్ కొలిచే గోల్డ్‌మన్ పద్ధతిలో లెక్క 520 దగ్గర సరిపోయేలా ఉంటుంది, కార్నియా పల్చగా ఉంటే ప్రెషర్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. ప్రెషర్ ఎక్కువున్నవాళ్లలో కూడా, పల్చటి కార్నియా వాళ్లకే గ్లకోమా ముప్పు ఎక్కువని అమెరికాలోని ఆక్యులర్ హైపర్‌టెన్షన్ ట్రీట్‌మెంట్ స్టడీ 2002లో చెప్పింది. ఆ మందం ఒక్కసారైనా కొలిపించి, ఫైలు అట్ట మీదే రాసుకోండి.

ఓసీటీ అనే స్కాన్ వెలుగుతో కంటి లోపలి పొరల్ని చిత్రం తీసి, నరాల పొర మందాన్ని మైక్రాన్లలో చెబుతుంది. ఒక కంపెనీ మిషన్ అంకెలు ఇంకోదానితో పోల్చడానికి కుదరదు. వీలైనంతవరకు ఒకేచోట, ఒకే మిషన్ మీద చేయించండి. మొదటి రిపోర్టు మాత్రం ప్రాణంలా దాచండి. ఉప్పుగాలికి, చెమటకి మా ఫైల్లో కాగితాలు అంటుకుపోతుంటే ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఫోన్‌లో ఫోటోలు కూడా తీశాను.

చుక్కలు వేసేటప్పుడు కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేస్తే చాలు. కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. రెండో మందుంటే ఐదు నిమిషాలు ఆగాలి. ఆస్తమా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి, టిమొలాల్ లాంటి చుక్కలు వాళ్లకు పడవు. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చి వాడొద్దు. కొందరికి అవే ప్రెషర్ పెంచుతాయి.

ఇక తోబుట్టువులు, పిల్లలు. రక్తసంబంధీకులకు ముప్పు ఎక్కువ, నలభై దాటితే కంటి నరం చూపించుకోవాలి. మా బాబాయిని రెండేళ్లు బతిమాలాను. పోయిన సంక్రాంతి తర్వాత వచ్చారు. ఎడమ కంటి ఫీల్డ్‌లో పై సగం నల్లగా వచ్చింది, ఆయనకేమో ఏమీ తెలియలేదు. ఇప్పుడు ఆటోలో ముగ్గురం వెళ్తున్నాం.