సోఫా మేకులు, స్ప్రింగులు: వర్గీకరణ, ప్యాకింగ్ సరిచేసిన విధానం

సోఫా మేకులు, స్టేపుల్స్, స్ప్రింగులు కలిపి ‘ఫర్నిచర్ సామాను’ అన్న ఒకే వివరణతో సరఫరాదారు ఇన్‌వాయిస్ పంపడం వల్ల సరుకు తరచూ కస్టమ్స్ తనిఖీలో ఆగిపోయేది. ఇనుప మేకులను హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకును వర్గీకరించే అంతర్జాతీయ సంఖ్య) 7317 కింద, పట్టీలుగా అతికి ఉండే స్టేపుల్స్‌ను 8305 కింద, ఇనుప స్ప్రింగులను 7320 కింద, నికర బరువులతో సహా వేర్వేరు వరుసల్లో రాయించాక ఆ చిక్కు తీరింది.

అసలు తలనొప్పి ప్యాకింగే. మేకుల పెట్టె చిన్నదే అయినా బరువంతా అడుగున పడి, మొనలు అట్టను పొడిచి మూలలు చిరిగిపోతాయి. అందుచేత వాటిని మందపాటి సంచుల్లో కట్టి, ఫైవ్ ప్లై (ఐదు పొరల) అట్టపెట్టెల్లో ఖాళీ లేకుండా సర్దిస్తున్నాను. స్ప్రింగుల సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. 60×40×40 సెంటీమీటర్ల పెట్టెలో 8 కిలోలే ఉన్నా, ఘనపరిమాణాన్ని (ఘన సెంటీమీటర్లలో) 5000తో భాగించి, అసలు బరువు కంటే అది ఎక్కువైతే దాన్నే బరువుగా తీసుకునే కొరియర్ లెక్కలో 19.2 కిలోలకు ఛార్జీ పడుతుంది. స్ప్రింగులను అణచి కట్టించి పెట్టె ఎత్తును సగానికి తగ్గించాక అది 9.6 కిలోలకు దిగింది.