మనం విడదీసిన చెత్తని బండిలో కలిపేస్తున్నారా? ఇలా చేసి చూడండి

విజయనగరంలో దాసన్నపేట వైపు అడిగినా, కంటోన్మెంట్ వైపు అడిగినా ఒకటే మాట: "మనం తడీ పొడీ విడదీసి ఇస్తే ఏటి లాభం, బండిలో అంతా ఒకచోటే పోసేస్తున్నారు కదా." చాలాసార్లు జరిగేది అదే. అందుకని విడదీయడం మానేస్తే నష్టం మనకే. బండికి ఏది ఇవ్వాలో, ఏది ఇంట్లో ఆపాలో ముందు తేల్చుకోండి.

2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ అనే ప్రభుత్వ చెత్త సేకరణ కార్యక్రమం మొదలయ్యాక ఇంటింటికీ మూడు బుట్టలు ఇచ్చారు, ఇప్పుడు చాలా ఇళ్లలో వాటిలో బట్టల క్లిప్పులో ఉల్లిపాయలో ఉంటున్నాయి. వాటిని బయటికి తీయండి. ఆకుపచ్చది తడి చెత్తకి, నీలం పొడికి, ఎరుపు ప్యాడ్లు, డైపర్లు, బ్లేడ్లు, కాలం తీరిన మందులకి. రోజూ బండికి వెళ్లాల్సినవి ఆకుపచ్చ, ఎరుపు మాత్రమే. పొడి చెత్త వారం ఆగినా ఏమీ కాదు, కడిగి ఆరబెడితే వాసన కూడా రాదు.

పాల ప్యాకెట్టునే తీసుకోండి. మూల కత్తిరించేటప్పుడు ఆ ముక్క పూర్తిగా తెగిపోకుండా అంచుకి వేలాడేలా వదలండి, లేకపోతే ఆ చిన్న ముక్క కాలవలోకే పోతుంది. తర్వాత కాసిని నీళ్లు పోసి గిలకరించి, ఆ నీళ్లు మొక్కకి పోసి, ప్యాకెట్టుని బోర్లించి క్లిప్పుకి తగిలించండి.

పేపర్లు, అట్టపెట్టెలు, నీళ్ల సీసాలు, ఇనుము, అల్యూమినియం బండికి ఇవ్వనే వద్దు, పాత సామాన్లు కొనేవాళ్లకి ఇవ్వండి. అట్టలు మడిచి, వానకి తడవని చోట పెట్టండి, తడిస్తే రేటు కోసేస్తారు. తూకం మీద అనుమానం ఉంటే గొడవపడక్కర్లేదు, విప్పని కేజీ ఉప్పు ప్యాకెట్టు తెచ్చి "ముందు ఇది పెట్టు బాబూ" అనండి. చిప్స్ కవర్లు, థర్మాకోల్ ఎవరూ కొనరు, అవే నీలం బుట్టలో మిగులుతాయి. పగిలిన గాజుని మాత్రం పేపర్లో చుట్టి, కట్టి, విడిగా చేతికిచ్చి చెప్పండి. బండి మీద అక్కలు చాలామంది ఉత్త చేతులతోనే ఏరుతుంటారు.

ఇంత చేసినా కలిపేస్తుంటే ముందు బండిలోకి తొంగి చూడండి. లోపల తడికీ పొడికీ వేరే అరలు లేకపోతే ఆ మనిషిని తిట్టి ఏం లాభం? అరలుండీ కలుపుతుంటే పారిశుధ్య కార్మికుల మేస్త్రీకి చెప్పండి. అక్కడ కదలకపోతే తేదీ, టైమూ కనిపించేలా ఫొటోలు తీసి వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి చూపించండి. అయినా ఉలుకూ పలుకూ లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల కార్యక్రమం ఉంటుంది, అక్కడ రాసిచ్చి రసీదు తీసుకోండి. అర్జీలో "చెత్త సమస్య తీర్చండి" అని రాస్తే అది ఫైల్లోనే ఉండిపోతుంది. "మా వీధికి పొడి చెత్త కోసం వారంలో ఒక రోజు పెట్టండి" అని ఒక్కటే అడగండి, నాలుగిళ్ల వాళ్లు కలిసి సంతకాలు పెట్టండి. నెలలో మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం కోసం ఆఫీసర్లు వీధుల్లోకి వస్తే అక్కడే పట్టుకోండి, ఆఫీసు చుట్టూ తిరగడం కన్నా అది నయం. చెత్త పన్ను ఎత్తేశారు కదా, ఇంకేం అడుగుతాం అని మొహమాటపడొద్దు. ఇంటి పన్ను కడుతున్నాం, చెత్త వేరుగా తీసుకెళ్లాలని 2016 నుంచీ రూల్స్‌లో ఉంది.

పైడితల్లమ్మ సిరిమాను పండగ రోజుల్లో ఊరంతా జనమే కాబట్టి బండి ఏ టైముకి వస్తుందో చెప్పలేం. ఆ రోజుల్లో చేపలు తెచ్చుకుంటే తలలూ పొలుసులూ ఒక డబ్బాలో మూతపెట్టి ఫ్రీజర్లో ఒక మూలకి తోసేయండి, బండి పాట వినపడ్డాక తీసి తడి బుట్టలో వేసి ఇవ్వండి. అత్తగారు చూసి ఏమైనా అంటే మీ తంటాలు మీవి.