హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటే ముందు కేబుల్ మార్చి చూడండి

హనుమకొండలో మాది పెళ్లిళ్లు తీసే చిన్న స్టూడియో. మొన్న మాఘంలో పరకాలలో ఒక పెళ్లి తీసొచ్చాం. తెల్లారి ఎడిటింగ్‌కు కూర్చున్న తమ్ముడు "అన్నా, డిస్క్ పోయింది, టిక్కు టిక్కుమంటోంది" అన్నాడు. తలంబ్రాలు, అప్పగింతలు అన్నీ అందులోనే ఉన్నాయి. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. చూస్తే, సీపీయూ ముందు పోర్టుకు పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు వేసి దానికి ఎక్స్‌టర్నల్ డిస్క్ (బయట నుంచి యూఎస్‌బీతో పెట్టుకునేది) పెట్టాడు. వైరు తీసేసి, వెనక పోర్టుకు పొట్టి కేబుల్‌తో పెట్టగానే డిస్క్ తిరిగింది.

అప్పటి నుంచి ఎవరడిగినా ముందు కరెంటు సంగతే చూడమంటాను.

చిన్న డిస్కులకు, అంటే 2.5 అంగుళాల వాటికి, వేరే అడాప్టర్ ఉండదు. యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులే ఆధారం. నియమం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపులు, 3.0 పోర్టు 900 ఇస్తాయి. మోటారు తిరగడం మొదలుపెట్టే ఆ రెండు క్షణాలు చాలా డిస్కులు 1 ఆంపు దాకా లాగుతాయి. అది అందకపోతే మోటారు లేవబోయి ఆగిపోతుంది, మళ్లీ లేవబోతుంది. ఆ టిక్కు టిక్కు అదే కావచ్చు. హబ్ (ఒక పోర్టును నాలుగైదు పోర్టులు చేసే పెట్టె) వాడుతుంటే తీసేయండి, కేబుల్ మార్చండి, డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టుకే పెట్టండి. హబ్ తప్పదంటే సొంత అడాప్టర్ ఉన్నది కొనండి. కేసింగ్ (డిస్క్ ఉండే బయటి డబ్బా) వైపు ఉండే వెడల్పాటి పిన్ వదులైందేమో కూడా చూడండి. మా దగ్గర ఎక్కువగా పాడయ్యేది అదే.

3.5 అంగుళాల పెద్ద డిస్కులకు 12 వోల్టుల అడాప్టర్ కావాలి. లైటు వెలిగినంత మాత్రాన అడాప్టర్ బాగున్నట్టు కాదు. పాతబడినది లోడ్ పడగానే కుంగిపోతుంది. అలాగని దొరికిన అడాప్టర్ పెట్టకండి. పిన్ పట్టిందని 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్ పెడితే డిస్క్ బోర్డు కాలిపోతుంది. వోల్టులు, ప్లస్ మైనస్ గుర్తు అచ్చంగా కలవాలి. ఆంపులు పాతదానంత ఉండాలి, ఎక్కువున్నా ఫర్వాలేదు.

ఎండాకాలం కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు ఈ పెద్ద డిస్కులు ఆగి మళ్లీ లేస్తాయి, కాపీ సగంలో తెగుతుంది. మీ ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో ఉంచండి, త్వరగా అందుకుంటుంది.

డిస్క్ తిరుగుతోంది కానీ కంప్యూటర్‌లో కనిపించడం లేదంటే విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. డ్రైవ్ లెటర్ (E, F లాంటి అక్షరం) లేకపోతే ఇవ్వండి, పని అయిపోతుంది. ఇనిషియలైజ్ (కొత్త డిస్క్‌లా మొదటి నుంచి సిద్ధం చేయడం) చేయమని గానీ ఫార్మాట్ చేయమని గానీ అడిగితే మాత్రం దయచేసి క్యాన్సిల్ కొట్టండి. కేసింగ్ మార్చాక ఇలా వస్తే డేటా అలాగే ఉండొచ్చు. కొన్ని కేసింగ్‌ల బోర్డులు సెక్టార్ (డిస్క్‌లో డేటా రాసే చిన్న గడి) సైజును 512 బైట్ల బదులు 4096గా చూపిస్తాయి, కొన్ని డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం వేసినట్టు రహస్య రూపంలో) రాస్తాయి. వేరే కేసింగ్‌లో అదే డిస్క్ ఖాళీగా కనిపిస్తుంది. పాత కేసింగ్‌లోనే పెట్టి చూడండి. అందుకే పాత బోర్డు పాడైందనుకున్నా నేను పారేయను.

మధ్యమధ్యలో కనెక్షన్ తెగుతుంటే డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో సీ7 (C7), సీ5 (C5) అనే రెండు వరుసలు చూడండి. సీ7, అంటే డేటా పంపడంలో వచ్చే తప్పుల లెక్క, పెరుగుతుంటే కేసింగ్ లోపల డిస్క్ సరిగా కూర్చోలేదేమో, తీసి గట్టిగా పెట్టండి. సీ5, అంటే సరిగా చదవలేకపోతున్న సెక్టార్ల లెక్క, పెరుగుతుంటే డిస్కే చెడిపోతోంది. ఇంకేమీ ప్రయత్నించకుండా ముందు ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకోండి.

మంచి కేబుల్, మంచి అడాప్టర్ పెట్టినా టిక్కు ఆగకపోతే, లేదా గీసినట్టు చప్పుడు వస్తే వెంటనే పీకేయండి. మళ్లీ మళ్లీ పెట్టి చూడకండి. డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పోయేదాకా దానికి కరెంటు ఇవ్వొద్దు.