హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా నీళ్ళతోనే మొక్కలు పెంచడం) మొదలుపెట్టే ముందు ఇవి చూస్కోండి

- ముందు నీళ్ళ సంగతి. బోరు నీళ్ళయితే టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చెప్పే లెక్క) మీటర్ పెట్టి చూడండి, 300 దాటితే వాన నీళ్ళో ఆర్వో నీళ్ళో కలుపుకోవడం బెటర్, అంతేగానీ ఆర్వో నుంచి బయటికి పోయే వేస్ట్ నీళ్ళు మాత్రం పోయకండి, ఉప్పంతా అందులోనే ఉంటది.
- మొక్కల పోషకాల మందు ఏ, బీ అని రెండు బాటిల్స్ వస్తాయి కదా, వాటిని డైరెక్ట్‌గా ఒకదాన్లో ఒకటి పోసేయొద్దు!! ఒకటి నీళ్ళలో బాగా కలిపాకే రెండోది, లేదంటే కాల్షియం తెల్లగా అడుగుకి దిగిపోతది, మొక్కకి అందదు (నేను ఫస్ట్ టైం చేసిన ఘనకార్యం ఇదే).
- నీళ్ళ పీహెచ్ (పులుపు ఎంతుందో చెప్పే కొలత) 5.5 నుంచి 6.5 ఉండాలి. మందు కలిపాక చెక్ చెయ్యాలి.
- ట్రాన్స్‌పరెంట్ డబ్బా వద్దు, నాచు పడతది. మూత లేకపోతే దోమలు.
- ఎండాకాలం మేడ మీద లెట్యూస్ (సలాడ్‌లో వేసే ఆకుకూర) పెట్టకండి, నీళ్ళు వేడెక్కి వేర్లు కుళ్ళిపోతాయి.
- తడి చేత్తో పంపు ప్లగ్ ముట్టుకోవద్దు.